అత్తగారిని అమ్మమ్మా అని పిలిచే ఇల్లు

రాజమండ్రిలో ఎవరినైనా ఆపి డాక్టర్ కృపారాణి తెలుసా అని అడగండి, తెలియదంటారు. అది ఊరి దురదృష్టం, ఆవిడది కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ సూక్ష్మదర్శినిలో చూసిన తెల్లకణాలన్నిటినీ బయటికి తీసి వరసగా నిలబెడితే, మొదటిది కోటగుమ్మం దగ్గరుంటే చివరిది అంతర్వేదిలో సముద్రంలో కాళ్ళు కడుక్కుంటూ ఉంటుంది. వీధిలోవాళ్ళు మాత్రం ఆవిడను డాక్టరని ఒప్పుకోరు. మోకాళ్ళ నొప్పికి మాత్ర రాయమంటే రాయదు, సెలైను పెట్టమంటే పెట్టదు. ఇంట్లో పిల్లికి కూడా రక్తపరీక్ష చేసిందని ఒక పుకారుంది. అది అబద్ధం. పిల్లి ఒప్పుకోలేదు.

లూథరన్ బడిలో లెక్కలు చెప్పిన లాజరు మాస్టారి కూతురు కృపారాణి. హైదరాబాదులో పీహెచ్‌డీ చేసి, అక్కడే ఒక పెద్ద ల్యాబులో చాలాకాలం పనిచేసింది. ఏ రోగాన్నీ ఎదుర్కోలేని ఒంటితో పుట్టే పిల్లలు కొందరుంటారు. వాళ్ళ రక్తం చిన్నచిన్న గొట్టాల్లో ఆ ల్యాబుకి వచ్చేది. ఆ గొట్టాల మీద ఆవిడకు తన వైపు ఊళ్ళ పేర్లే ఎక్కువగా కనబడేవి. మండపేట, తణుకు, కొత్తపేట, పెద్దాపురం. ఫలితం తేలేసరికి ఆ బిడ్డ ఉండేది కాదు. రక్తం తన దగ్గరికి వచ్చేకన్నా తాను రక్తం దగ్గరికి వెళ్ళడమే నయమని చెప్పి, అందరూ వారిస్తున్నా వినకుండా రాజమండ్రి వచ్చేసి, ఒక ఆసుపత్రి మేడమీద చిన్న ల్యాబు పెట్టుకుంది. తోడుగా శ్యాంబాబు అనే టెక్నీషియను ఒక్కడు. అతని నోటికి మూత లేదు గానీ చేతికి వణుకు లేదు.

ఆవిడ చూసే జబ్బు సంగతి కాస్త చెప్పుకోవాలి. మన ఒంట్లో తెల్లకణాలు కాపలావాళ్ళు. వాళ్ళను తయారుచేసే పద్ధతి ప్రతి కణంలోనూ రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్క అక్షరం తప్పుపడితే కాపలావాళ్ళు పుట్టరు. అయితే ఆ రాత తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి, రెండుగా వస్తుంది. ఒకదానిలో తప్పున్నా రెండోది నడిపించేస్తుంది. రెండింటిలోనూ అదే తప్పుంటే ఆ ఇంటికి తలుపులే లేనట్టు. దానికి ఈమధ్య ఒక వైద్యం వచ్చింది. బిడ్డ ఎముకమూలగలోంచి కణాలు తీసి, కోరలు పీకిన ఒక వైరసు చేత సరైన రాతను వాటిలోకి మోయించి, మళ్ళీ ఆ బిడ్డ ఒంట్లోకే ఎక్కిస్తారు. మనకింకా దక్షిణాన, పక్క రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో ఆ ప్రయోగం జరుగుతోంది. ఏ బిడ్డకు ఏ అక్షరం తప్పిందో కనిపెట్టడం, వైద్యమయ్యాక కాపలావాళ్ళు నిజంగా పుట్టారో లేదో, పుట్టినవాళ్ళకు పని చేతనవునో కాదో చూడడం కృపారాణి పని.

ఈ పనిలో ఆవిడకు మొదట్లో ఒక చిక్కు వచ్చింది. మీది దగ్గర సంబంధమా అని అడిగితే జనం కాదనేవారు. వాళ్ళు అబద్ధమాడడం లేదు. మేనమామను చేసుకోవడం వాళ్ళకు సంబంధం కలుపుకోవడంలా అనిపించదు, పెరట్లోంచి వంటింట్లోకి వచ్చినట్టే ఉంటుంది. అందుకని ఆవిడ ఆ ప్రశ్న మానేసింది. మీ అత్తగారిని మీరు ఏమని పిలుస్తారు అని అడగడం మొదలుపెట్టింది. అత్తయ్యా అంటే ఒక దారి. అమ్మమ్మా అంటే మాత్రం ఆవిడ కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేది.

సుప్రియ అమ్మమ్మా అనే అంది.

రావులపాలెం దగ్గర లంకలో అరటితోటలున్న కుటుంబం వాళ్ళది. సుప్రియ తన మేనమామ హరిబాబును చేసుకుంది. హరిబాబు తల్లి చిట్టెమ్మే సుప్రియకు అమ్మమ్మ, అత్తగారూ. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. హాసిని అని పేరు పెట్టుకున్నారు. పుట్టినప్పుడు ఎడమ జబ్బకు అందరు పిల్లలకూ వేసే క్షయ టీకా వేశారు. ఎవరికీ ఏమీ చెయ్యని ఆ సూది హాసినికి పుండై, చంకలో గడ్డయి, ఒళ్ళంతా పాకింది. నోట్లో పూత, ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆరో నెలలో పోయింది. దిష్టి తగిలిందని కొందరు, పాలు పడలేదని కొందరు అన్నారు. బిడ్డను గోదావరి ఒడ్డునే పూడ్చారు. ఆ ఏడు వరదకు ఆ ఒడ్డే లేకుండా పోయింది.

ఇప్పుడు సుప్రియ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఆరో నెల. పాత చీటీలు చూసిన ఒక పిల్లల డాక్టరుకు అనుమానం వచ్చి ఆ దంపతులను కృపారాణి దగ్గరికి పంపాడు.

ఇద్దరి రక్తమూ చదివితే తప్పులు రెండు కనబడ్డాయి. రెండూ ఇద్దరిలోనూ ఉన్నాయి, ఒక్కొక్క ప్రతిలో. రెండింటిలో హాసినిని చంపింది ఏది? ఒకదానికి దక్షిణాది ఆసుపత్రివాళ్ళ దగ్గర వైద్యముంది. దానికి వైరసును తయారుచెయ్యడానికి నెలలు పడుతుంది గనుక ముందే చెప్పాలి. రెండోదానికి ఆ వైద్యం లేదు. మూలగ ఇచ్చే దాత కోసం ఇప్పటినుంచే వెతకాలి. కడుపులోకి సూది దించి ఉమ్మనీరు తీయించడానికి సుప్రియ ఒప్పుకోలేదు. బిడ్డ పుట్టాక చూద్దామనుకుంటే, ఈలోగా ఎవరి దగ్గో ఎవరి తుమ్మో ఆ బిడ్డను ముందే చూసుకుంటుంది. కాబట్టి హాసినికి రెండు ప్రతుల్లోనూ వచ్చిన తప్పేదో తెలియాలి. కానీ హాసినిది ఏమీ మిగల్లేదు. ఆసుపత్రివాళ్ళు రక్తం దాచలేదు. ఒడ్డు కొట్టుకుపోయింది.

అప్పుడు కృపారాణి అడిగింది, పాపకి బొడ్డు తాయెత్తు చేయించారా అని.

సుప్రియ తలెత్తి చూసింది. చేయించారట. రాలిన బొడ్డును ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టి, లక్కతో మూసి, మొలతాడుకు కట్టారు. పూడ్చేముందు చిట్టెమ్మ దాన్ని విప్పి దాచింది. దేవుడి అరలో ఉందని సుప్రియ చెప్పింది.

ఎండిన బొడ్డులో బిడ్డ కణాలుంటాయి. తడి తగలకపోతే ఏళ్ళ తరబడి చదవడానికి పనికొస్తాయి. ఆ మాట విన్న శ్యాంబాబు రెండు రోజులు నవ్వుతూనే ఉన్నాడు.

"ఇన్నాళ్ళకి మన ల్యాబుకి కూడా మహత్యం వచ్చిందండి మేడంగారూ. కోరుకొండ కొండెక్కక్కర్లేదు, జనం మన మేడెక్కి మొక్కేస్తారు."

"ముందు నువ్వు ఆ గొట్టాలెక్కించు నాయనా."

హరిబాబు తాయెత్తు తెచ్చాడు. అరటి గెలలు మోసి మోసి జిగురు మరకలు పడ్డ చేతుల్లో అది కందిగింజంత కనిపించింది. అందులోది కొద్దిగానైనా వెనక్కి వస్తుందా అని అడిగాడు. రాదండి, నూరెయ్యాలి అంది కృపారాణి. అతను తలూపి, తాయెత్తును బల్లమీద పెట్టి, చెయ్యి వెంటనే తియ్యలేకపోయాడు.

ఫలితం వచ్చిన రోజు శ్యాంబాబు మొహం వెలిగిపోయింది. రెండు తప్పులూ ఒక్కొక్క ప్రతిలోనే ఉన్నాయి. అంటే పాప చావుకు ఈ రెండూ కారణం కావు. పుట్టబోయే బిడ్డకు వీటివల్ల భయపడడానికి ఆధారం లేదని అతని లెక్క. దక్షిణాది ఆసుపత్రికి మనకోసం అట్టేపెట్టిన వంతు వదిలెయ్యమని చెప్పేద్దామా అన్నాడు. వాళ్ళ దగ్గర ఇంకో కుటుంబం కాచుకుని ఉందని అతనికి తెలుసు.

కృపారాణి ఔనని చెప్పడానికి నోరు తెరిచి ఆగింది. ఆ పుండు, ఆ గడ్డ, ఆ నోటిపూత ఆవిడ కళ్ళముందు నుంచి పోవడం లేదు. కాపలావాళ్ళున్న ఒంట్లో ఆ టీకా అలా పాకదు. ఆవిడ కాగితం పక్కన పెట్టి, ఎవరూ చూడమని అడగని ఒక చిన్న సంగతి చూసింది. ఆ బొడ్డు ఆడపిల్లదా, మగపిల్లాడిదా?

మగపిల్లాడిది.

ఎక్కడో కలుషితమై ఉంటుందని శ్యాంబాబు అన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చేశారు. మళ్ళీ అదే. ఆవిడ దాన్ని హరిబాబు రక్తం పక్కన పెట్టి చూసింది. ఒక్క అక్షరం తేడా లేదు. నూరేసిన ఆ బొడ్డు ముప్ఫయ్యేళ్ళ కిందట పుట్టిన హరిబాబుది. శ్యాంబాబు అప్పటినుంచి ఆ రోజంతా జోకు వెయ్యలేదు. అది అతని జీవితంలో రికార్డు.

మరునాడు కృపారాణి లంకకు వెళ్ళింది. హరిబాబు గెలల లోడుతో మార్కెట్టుకు పోయాడు. సుప్రియ లోపల పడుకుని ఉంది. చిట్టెమ్మ అరుగు మీద కూర్చుని, తడిపిన అరటినారను చీలికలు చేస్తోంది. గట్టి మనిషి. ఒకప్పుడు గోదావరి పొంగి ఇంట్లోకొస్తే, ముందు కాళ్ళు కడుక్కుని రమ్మని చెప్పిందని ఆ లంకలో అంటారు. డాక్టరమ్మను చూడగానే పీట వేసింది, మజ్జిగ తెమ్మని లోపలికి కేకేయబోయి, సుప్రియ పడుకుందని గుర్తొచ్చి తనే లేవబోయింది.

"కూర్చోండి మామ్మగారూ. హరిబాబుగారి చిన్నప్పటి తాయెత్తు మీరు భద్రంగానే దాచేరు. ముప్ఫయ్యేళ్ళయినా చెక్కుచెదరలేదు."

చిట్టెమ్మ చేతిలో నార ఆగింది. ఎవరు చెప్పారని అడగలేదు. దబాయించలేదు. 

"తెలిసిపోతాదనుకోలేదండి. బొడ్డంటే బొడ్డే కదా అనుకున్నాను. ఆడు బతికున్నాడు. ఆడిది పోతే ఏం పోయిందండి, మనిషి ఎదురుగా తిరుగుతున్నాడు. పాపది పోతే ఇంకేం ఉంటాది?"

కృపారాణి చేతిలోని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసింది.  

చిట్టెమ్మే మిగతాది చెప్పింది. ఆ బొడ్డు ఇంట్లో ఉన్నంతకాలం పాపకు దారి తెలుస్తుందట. మళ్ళీ ఆ కడుపుకే వస్తుందట. తన తల్లి చెప్పింది, తన తల్లికి ఆమె తల్లి చెప్పింది. సుప్రియ నెల తప్పిన రోజున వచ్చేసిందని తాను లోలోపల అనుకుందట. ఇప్పుడు దాన్ని నూరి పారేస్తే, సగం దారిలో ఉన్న పిల్ల ఏమైపోతుంది?

కృపారాణి ప్రతి ఆదివారం చర్చికెళ్ళే మనిషి. పోయినవాళ్ళు మళ్ళీ కడుపున పుడతారని ఆవిడ నమ్మదు. ల్యాబులో కూర్చుని మాట్లాడితే అది తప్పని చెప్పడానికి ఆవిడ దగ్గర చాలా మాటలున్నాయి. ఆ అరుగు మీద అవేవీ పనికిరావని ఆవిడకు తెలిసింది. పీట ముందుకు జరుపుకుంది.

"పాపే వస్తోందనుకుందాం మామ్మగారూ. అదే పాప అయితే అదే ఒళ్ళు తెచ్చుకుంటుంది. అదే జబ్బు తెచ్చుకుంటుంది. పోయినసారి మనకి తెలీక సూది వేయించేం. ఈసారైనా మనం సిద్ధంగా ఉండొద్దా?"

చిట్టెమ్మ ఏడవలేదు. నార చీలికలను ఒక్కొక్కటే ఏరి, కట్టగా చుట్టి, పక్కన పెట్టింది. తరవాత అడిగింది, ఎటో చూస్తూ.

"ఆ జబ్బు ఎవరిదండి? నాదేనా?"

అబద్ధం చెప్పడం చాలా సులువు. ఎవరిదో తెలియదండి అంటే సరిపోయేది. కృపారాణి అనలేదు. మీ దగ్గరినుంచి గానీ, పోయిన మీ ఆయన దగ్గరినుంచి గానీ వచ్చి ఉంటుంది, మీ కొడుక్కీ మీ కూతురికీ చెరొకటి అందింది, కూతురి నుంచి సుప్రియకు వచ్చింది, ఈ ఇద్దరి పెళ్ళితో రెండూ ఒక బిడ్డలో కలిశాయి అని మెల్లగా చెప్పింది. ఇలాంటి తప్పులు తన ఒంట్లోనూ ఉంటాయని, ప్రతి మనిషీ కొన్ని మోస్తూనే ఉంటాడని, అది ఎవరూ కావాలని చేసింది కాదని కూడా చెప్పింది.

"పెళ్ళి నేనే పట్టుబట్టి చేయించేనండి. దానికి భీమవరం సంబంధం వస్తే నేనే తిప్పి పంపేను. పిల్ల కళ్ళముందుంటాదని."

ఆ మాట అని చిట్టెమ్మ లేచింది. లోపలికి పోయి, దేవుడి అరలోంచి కాదు, బియ్యపు డబ్బా అడుగునుంచి, పసుపు గుడ్డలో చుట్టిన తాయెత్తు తెచ్చింది. లక్క తానే ఒలిచింది. లోపలిది ఎండిన చింతపండు పెచ్చులా ఉంది. సగం చాలు, మిగతా సగం మీ దగ్గరే ఉంచుకోండి అంది కృపారాణి. తెచ్చుకున్న బ్లేడు చిట్టెమ్మకే ఇవ్వబోయింది. ముసలావిడ తల అడ్డంగా ఊపింది. తాను కొయ్యలేనంది. కృపారాణి కోస్తున్నంతసేపూ గడపవైపు తిరిగి నుంచుంది.

ఆ సగంలో హాసిని ఉంది. రెండు తప్పుల్లో ఒకటి రెండు ప్రతుల్లోనూ ఉంది. వైద్యమున్న తప్పే అది. ఆ సాయంత్రమే దక్షిణాదికి కబురు వెళ్ళింది. వైరసు తయారీ మొదలైంది.

నెలలు నిండాక రాజమండ్రిలో సుప్రియకు మగపిల్లాడు పుట్టాడు. బిడ్డ పుట్టే గది గోడల మీద, తలుపు మీద, ఆఖరికి టీకాలు వేసే నర్సు బల్ల మీద కూడా ఈ బిడ్డకు సూది వెయ్యరాదని శ్యాంబాబు ఎర్ర అక్షరాలతో అంటించాడు. తలుపు మూశారు. బొడ్డులోంచి తీసిన రక్తాన్ని కృపారాణి చేతుల్లో పట్టుకుని మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగలేదు. యంత్రంలో కాపలావాళ్ళు కనిపించాల్సిన చోట తెర ఖాళీగా ఉంది. జబ్బు వచ్చింది. ఆవిడ కిందికి దిగి హరిబాబుకు చెప్పింది. హరిబాబు తల్లికి చెప్పాడు. చిట్టెమ్మ ఒక్క మాటే అందట, దారిలో వేషం మార్చుకుంది గానీ వచ్చింది మాత్రం అదేనని.

మూడో నెలలో బిడ్డను దక్షిణాదికి తీసుకెళ్ళారు. మూలగలోంచి కణాలు తీశారు. అవి వైరసుతో కొన్నాళ్ళు ఉన్నాయి. చిన్న మోతాదులో మందిచ్చి బిడ్డ మూలగలో చోటు చేశారు. ఆ తరవాత ఒక చిన్న సంచిలో వచ్చిన కణాలను నరంలోకి ఎక్కించారు. అంత ప్రయాసా టీ చల్లారేలోపు అయిపోయింది. సుప్రియ ఇంతేనా అని అడిగిందట. ఇంతేనమ్మా, ఇక కాచుకోవడమే అన్నారట.

ఆ కాచుకోవడంలో పెద్ద వాటా కృపారాణికి పడింది. బిడ్డను రాజమండ్రి తెచ్చాక ల్యాబు దగ్గరే మేడమీద ఒక గది చూశారు. సుప్రియ తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. చిట్టెమ్మ లంక వదిలి వచ్చి కింద వాటాలో వండేది. క్యారియరు మెట్ల మీద పెట్టి, వెనక్కి దిగి, వీధిలో నిలబడి కిటికీ అద్దం వైపు చూసేది. సుప్రియ బిడ్డను అద్దం దగ్గరికి తెచ్చి చూపించేది. ప్రతి నెలా రక్తం ల్యాబుకు వచ్చేది. మొదట తెర ఖాళీ. తరవాత నెలా ఖాళీ. కృపారాణి ఎవరేమడిగినా ఇంకా టైముందండి అనేది. శ్యాంబాబు కూడా అడగడం మానేశాడు.

ఆ తరవాత ఒక నెలలో తెర మూల నాలుగు చుక్కలు పడ్డాయి. దుమ్మేమోనని ఆవిడ యంత్రాన్ని తుడిచింది. దుమ్ము కాదు. పై నెలకు అది చిన్న మబ్బంత అయింది. కాపలావాళ్ళు పుడుతున్నారు. కానీ కృపారాణి ఎవరికీ శుభవార్త చెప్పలేదు. పుట్టడం వేరు, పని చెయ్యడం వేరు. వాళ్ళు పని చేస్తారో లేదో శత్రువు వస్తే గాని తెలియదు.

శత్రువు హరిబాబుతో వచ్చింది. మార్కెట్టులో ఎవరి దగ్గర అంటిందో, జలుబు పట్టిందని తనకే తెలియక సుప్రియకు బట్టల మూట అందించాడు. సుప్రియకు ముక్కు కారింది. ఆ మర్నాడు బిడ్డ ఒళ్ళు కాలిపోయింది. అంబులెన్సు కింద ఆగింది, పిల్లల డాక్టరు సూదులు సిద్ధం చేసుకుని పైన కూర్చున్నాడు. హరిబాబు మెట్ల మీద కూర్చుని లేవలేదు. చిట్టెమ్మ ఆ రోజు వండలేదు. బిడ్డ పాలు తాగలేదు, ముక్కు పీల్చింది, ఏడ్చింది, మూలిగింది. ఊపిరి మాత్రం చెడలేదు. కృపారాణి తలుపవతల కుర్చీ వేసుకుని ఆ ఊపిరే వింటూ ఉండిపోయింది. మరునాటికి కూడా జ్వరం దిగలేదు. ఆ పై రోజు పొద్దున్న, ఎవరూ ఏ మందూ వెయ్యకుండానే చెమట పట్టి దిగింది. బిడ్డ పాల కోసం చేతులు చాచాడు.

ఆవిడ ఆ వారం రక్తం తీసి చూసింది. తెర నిండా కణాలు. వాటిలో కొన్ని ఆ జలుబును గుర్తుపెట్టుకున్నవి. దాన్ని పట్టి, చంపి, మళ్ళీ వస్తే పోల్చుకోవడానికి ఆనవాలు దాచుకున్నవి. పిల్లల డాక్టరుతో, దక్షిణాదివాళ్ళతో మాట్లాడింది. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇంట్లోవాళ్ళు లోపలికి రావచ్చని అందరూ ఒప్పుకున్నారు.

చిట్టెమ్మను పైకి రమ్మన్నారు. ఆవిడ మోచేతుల దాకా సబ్బుతో కడిగింది. చాలలేదేమోనని మళ్ళీ కడిగింది. ఉతికిన చీర, మొహానికి మాస్కు. గదిలోకి వచ్చి, మంచానికి బారెడు దూరంలో ఆగిపోయింది. సుప్రియ బిడ్డను ఎత్తి ఇవ్వబోతే చేతులు చాచలేదు. కృపారాణి వైపు తిరిగింది.

"నా నించి ఆడికి ఇంకేమీ అంటదు కదండీ?"

కృపారాణి దగ్గరికి వెళ్ళి, ముసలావిడ రెండు చేతులూ పట్టుకుని ముందుకు చాపించింది.

"అంటినా ఇప్పుడు తట్టుకుంటాడు మామ్మగారూ. తీసుకోండి."

సుప్రియ బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. వాడు ముసలావిడ మాస్కు పట్టుకుని కిందికి లాగి, ఆ మొహాన్ని మొదటిసారి అద్దం అడ్డం లేకుండా చూశాడు. చిట్టెమ్మ మాస్కు పైకి లాక్కోవాలని చూసింది. చెయ్యి ఖాళీ లేదు.